అరగని చాబీలు

నిజాం నవాబు అదృష్టవంతుడు. మా తాత మొగులయ్య పుట్టకముందే ఆయన రాజ్యం పోయింది. లేకపోతే మా తాత ఒక సైకిల్ పుల్ల పట్టుకుని పోయి, రెండు నిమిషాల్లో ఆయన ఖజానా తలుపు తీసి, లోపల బూజు దులిపి, తాళానికి నూనె పెట్టి, మళ్ళీ మూసి వచ్చేవాడు. నవాబుగారికి తెలిసేది కూడా కాదు. దబీర్‌పురా నుంచి పురానాపూల్ దాకా మా తాత మాట వినని తాళం లేదు. ఆయన వీధిలో నడుస్తుంటే బ్యాంకుల్లో లాకర్లు భయంతో బిగుసుకుంటాయని చిన్నప్పుడు బళ్ళో చెప్పేదాన్ని. ఎవరూ నమ్మలేదు. నేను బళ్ళో చెప్పినవీ నమ్మలేదు, పరీక్ష పేపర్లో రాసినవీ నమ్మలేదు. అందుకే ఇంటర్ దగ్గర ఆగిపోయి తాత డబ్బాలో కూర్చున్నాను.

అలాంటి మనిషి బండి పోయింది. అదీ ఆయన వేరే వాళ్ళ తాళం తీస్తున్నప్పుడు.

డబ్బా అంటే దబీర్‌పురా స్టేషన్ రోడ్డు పక్కన నాలుగు రేకుల మధ్య ఉన్న మా దుకాణం. ముందు వరసలో పళ్ళు కోయని ఖాళీ చాబీలు వేలాడుతుంటాయి. తాళంచెవిని మా వైపు చాబీ అనే అంటాం. తాత నలభై ఏళ్ళుగా అక్కడే కూర్చుని చాబీలు చేస్తున్నాడు. చాబీ కోసే మెషీన్ కొని పదేళ్ళయింది. అయినా చివరి రెండు గీతలు ఆకురాయితోనే గీస్తాడు. మెషీన్‌కు కళ్ళుంటాయి గాని వేళ్ళుండవంటాడు.

తాతకు ఒక పద్ధతి ఉంది. కంపెనీ ఇచ్చిన అసలు చాబీని ఎప్పుడూ వాడడు. తాళం కొన్న రోజే దానికి నకలు కోసుకుంటాడు. అసలు దానికి నూనె గుడ్డ చుట్టి రేకు పెట్టెలో పెడతాడు. వాడేది నకలు. అది అరిగిపోతే అసలును చూసి ఇంకోటి కోస్తాడు. "అసలే అరిగిపోతే దేన్ని జూసి కోస్తవ్?" అని నన్ను అడుగుతాడు. నకలును చూసి నకలు కోస్తే ప్రతిసారీ ఒక వెంట్రుక తేడా వస్తుందట, అట్లా పదోసారికి ఆ చాబీ తాళాన్నే గుర్తుపట్టదట. మా ఇంటి తలుపుకు, అమ్మమ్మ ట్రంకు పెట్టెకు, చివరికి పాల డబ్బాకు వేసే బుల్లి తాళానికి కూడా ఇదే పద్ధతి. ఇది తాత ఒక్కడి పిచ్చి కాదు. ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ కూడా ఇట్లాగే చేసేవాడట.

2020 దసరాకు తాత మోటార్ సైకిల్ కొన్నాడు. షోరూమ్ వాళ్ళు రెండు చాబీలు ఇచ్చారు. పూజ కాగానే ఆ రెండూ రేకు పెట్టెలోకి పోయాయి. తాత రెండు నకళ్ళు కోశాడు. ఒకటి తన జేబులోకి, ఒకటి నాకు. నాకు ఇవ్వడం అమ్మమ్మకు ఇష్టం లేదు. "పొల్లకు బండి చాబీ ఎందుకయ్యా, అది దిక్కులన్నీ తిరుగుతది" అంది. తిరిగాను కూడా. అది వేరే కథ.

దాదాపు నాలుగేళ్ళు ఆ బండి మీద తాత పాతబస్తీ అంతా తిరిగాడు. 2024 ఏప్రిల్‌లో ఒక రోజు పొద్దున పదింటికి పురానాపూల్ దగ్గర ఒక ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. తలుపు లాక్ పడిపోయింది, చాబీ లోపలే ఉంది, పొయ్యి మీద పప్పు ఉంది అని. తాత పోయాడు. బండి గోడ పక్కన పెట్టి, హ్యాండిల్ లాక్ వేసి, చాబీ జేబులో వేసుకుని మెట్లెక్కాడు. పప్పు మాడకముందే తలుపు తీశాడు. ఆ ఇంటావిడ చాయ్ ఇస్తే తాగి కిందికి దిగేసరికి గోడ ఉంది, బండి లేదు.

"తాతా, నీకంటే పెద్ద ఉస్తాద్ తగిలిండు" అన్నాను సాయంత్రం. అప్పటికి నవ్వులాటగానే ఉంది. తాత కూడా నవ్వాడు. "ఉస్తాద్ గాదు, తన్నినట్టున్నడు. హ్యాండిల్‌ను ఒక్క తన్ను తంతే లాక్ విరుగుతది" అన్నాడు. పోలీస్ స్టేషన్‌లో కాగితం రాసిచ్చాం. ఇన్సూరెన్స్ కట్టించిన ఏజెంట్ శ్రవణ్ అన్న ఫారం తెచ్చి ఇచ్చాడు. ఇంగ్లీషు ఫారం కాబట్టి నింపే పని నాది. ఒకచోట, బండికి మొత్తం చాబీలు ఎన్ని అని ఉంది.

"ఎన్ని రాయాలె తాతా?"

"రెండు. కంపెనీ రెండే ఇచ్చింది గద."

నేను రెండు అని రాశాను. తాత సంతకం చేశాడు. రేకు పెట్టెలోంచి నూనె గుడ్డ విప్పి, రెండు అసలు చాబీలూ తీసి ఇచ్చాడు. నకళ్ళ మాట ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. మా ఇంట్లో నకలు అంటే లెక్కలోకి వచ్చే వస్తువు కాదు, చెప్పుల్లాంటిది.

మే నెలలో కంపెనీ నుంచి ఎంక్వయిరీకి మనిషి వచ్చాడు. పేరు నిఖిలేష్. కుర్రవాడు, మర్యాదగానే మాట్లాడాడు. డబ్బా ముందు స్టూలు మీద కూర్చుని, సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో మేమిచ్చిన రెండు చాబీలూ ఉన్నాయి.

"బాబాయ్, బండి ఎన్నేళ్ళు నడిపిన్రు?"

"నాలుగేండ్లు."

"రోజూ నడిపేవాళ్ళా?"

"రోజూ. దుకాణం పనంతా దాని మీదనే."

అతను కవరును వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. చాబీలు కొత్త పెళ్ళికూతురి మెట్టెల్లా మెరిశాయి. "నాలుగేండ్లు రోజూ వాడితే ఒక్క గీత కూడా పడలేదేంది బాబాయ్?"

తాత నోరు తెరిచాడు. అతను ఆ లోపే డబ్బా వైపు, వేలాడుతున్న ఖాళీ చాబీల వైపు, మెషీన్ వైపు చూశాడు. ఆ చూపు నాక్కూడా అర్థమైంది. "మీరు చాబీలు చేస్తరా?" అన్నాడు నెమ్మదిగా. తర్వాత, "ఇవి కాకుండా ఇంకేమన్నా చాబీలున్నయా ఈ బండికి?"

తాత కుడిచేయి ప్యాంటు జేబు మీద ఉంది. జేబులో నకలు ఉంది. "లేవు" అన్నాడు.

తాత నోట అంత చిన్న మాట, అంత తొందరగా రావడం నేనెప్పుడూ చూడలేదు. నిఖిలేష్ రాసుకున్నాడు. మళ్ళీ వస్తాననీ, ఇల్లు కూడా చూడాల్సి ఉంటుందేమోననీ చెప్పి లేచాడు. పోతూ పోతూ పక్కన గాజుల కొట్లో, ఎదురుగా చాయ్ హోటల్లో ఆగి ఏదో అడిగాడు. అతను పోయాక చాయ్ హోటలాయన వచ్చి చెప్పాడు. "మొగులయ్య భాయ్, ఆ పిలగాడు ఏమడిగిండో తెలుసా? నువ్వు బండ్లకు చోరీ చాబీలు గిట్ల చేస్తవా అని. నేను గట్టిగనే ఇచ్చిన లే, ఫికర్ చెయ్యకు."

ఫికర్ అక్కడే మొదలైంది.

ఆ సాయంత్రం శ్రవణ్ అన్న వచ్చి జరిగిందంతా విని నెత్తి పట్టుకున్నాడు. "అరే తాతా, ఉన్నయని అప్పుడే చెప్పేది ఉండె. ఇప్పుడు లేవన్నవు గద, ఇగ లేకుండనే చెయ్యి. ఆ రెండూ తీస్కపోయి మూసీల పారేయి. ఇంటికొచ్చి చూస్తే దొరకొద్దు."

అమ్మమ్మ వెంటనే ఒప్పుకుంది. "పారేయి. జైల్ల పెడితే నీకు పొద్దుగాల చాయ్ ఎవడు పోస్తడు?"

మర్నాడు నేనూ తాతా పురానాపూల్‌కు పోయాం. నడిచే పోయాం, బండి లేదు కదా. వంతెన మీద కూరగాయల వాళ్ళు, తోపుడు బండ్లు, ఆటోలు. తాత గోడ పక్కన నిలబడి జేబులో చేయి పెట్టుకుని కిందికి చూశాడు. నేనూ చూశాను. ఎండాకాలం. నీళ్ళు ఒక పాయగా ఎక్కడో పారుతున్నాయి, మిగతాదంతా నల్లటి బురద, దాని మీద ఒక మేక.

"వేసెయ్ తాతా."

"నీళ్ళు ఎక్కడున్నయే? బురద మీద పడితే తళతళా మెరుస్తది. పైకెల్లి చూసినా కనబడుతది."

"ఎవరు చూస్తరు?"

"నేను చూస్తున్న గద" అన్నాడు. ఆయన వేళ్ళు జేబులోనే చాబీని తిప్పుతున్నాయి. ప్యాంటు గుడ్డ కదులుతోంది. ఇంతలో కొత్తిమీర అమ్మే ఆవిడ, "ఏం తాతా, ఏం పోయింది?" అంది. అంతే. ఏదో దొంగతనం చేస్తూ దొరికినట్టు తాత గిరుక్కున తిరిగి నడక మొదలుపెట్టాడు. నేను వెనకాల పరుగెత్తాల్సి వచ్చింది. రెండు చాబీలూ మాతోనే ఇంటికొచ్చాయి.

ఇల్లు చూడటానికి నిఖిలేష్ రానేలేదు. అది ఇంకా ఘోరం. వస్తే ఒక రోజుతో పోయేది. రాకపోవడం వల్ల తాత ప్రతి పొద్దునా నకలు ఒక చోటి నుంచి తీసి ఇంకో చోట దాచేవాడు. బియ్యం డబ్బాలో పెట్టాడు. అమ్మమ్మ చీర మడతలో పెట్టాడు. మిషన్ నూనె సీసాలో వేశాడు. ఒకరోజు ఎక్కడ పెట్టాడో మరిచిపోయి మధ్యాహ్నం దాకా వెతికాడు. చివరికి అది ఆయన చొక్కా పైజేబులోనే ఉంది. నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయాను.

జూలైలో ఉత్తరం వచ్చింది. క్లెయిమ్ తిరస్కరించారు. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. నేను ఫోన్లో ఒక్కో మాటా కొట్టి చూసుకుంటూ, మెత్తగా చేసి చెప్పబోయాను.

"డబ్బులియ్యరంట తాతా."

"గంతేనా? ఇంత పొడుగు ఉత్తరంల గదొక్కటేనా ఉన్నది?"

"ఇంకేవో ఉన్నయ్ లే."

"మాట మాట చెప్పు."

చెప్పాను. ఇచ్చిన చాబీలు వాడినట్టు లేవు. కొత్తగా తయారుచేసినట్టున్నాయి. బండి యజమాని స్వయంగా చాబీలు చేసే వృత్తిలో ఉన్నాడు. అసలు చాబీలు ఇతరులకు అందించి ఉండవచ్చని, దొంగతనంలో ఆయన ప్రమేయం ఉండవచ్చని అనుమానం.

తాత ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ ఇచ్చాడు. తర్వాత, "ఆ చివరి లైను మల్ల సదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. "బండి పోతె పోనీ. ఈ లైను ఎట్ల పోతది?" అన్నాడు.

ఇన్సూరెన్స్ డబ్బు రాకపోవడం మాకు కష్టమే, కాని తాత భయం దాని గురించి కాదు. చాబీలు చేసేవాణ్ని జనం ఇంట్లోకి పిలుస్తారు. బీరువా ముందు ఒంటరిగా కూర్చోబెట్టి వంటింట్లోకి పోతారు. చేతిలో ఇంటి చాబీ పెట్టి, సాయంత్రం వచ్చి తీసుకుంటాం అంటారు. దొంగలతో చేయి కలిపాడని ఒక కాగితం మీద, ఒక ఆఫీసు ముద్రతో ఉందని తెలిస్తే ఎవరు పిలుస్తారు? ఇంకో పని చేసేవాడి మీద ఇదే మాట రాస్తే అవమానంతో పోతుంది. తాత మీద రాస్తే డబ్బా మూతపడుతుంది.

మా వీధికి ఆ మాట తెలియడానికి ఉత్తరం అక్కర్లేకపోయింది. నిఖిలేష్ అడిగిన ప్రశ్న చాలు. ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు. పని మాత్రం తగ్గింది. తాత చేయి కూడా తప్పింది. ఆగస్టులో ఒకావిడకు చేసిన చాబీలో మూడో పన్ను లోతు ఎక్కువైంది. ఆమె తిరిగి తెస్తే తాత దాన్ని చేతిలో పెట్టుకుని, తన పిల్లవాడు తప్పు చేస్తే చూసినట్టు చూశాడు. డబ్బాకు తాళం వేశాక వెనక్కి తిరిగొచ్చి లాగి చూసేవాడు. సందు మలుపు దాకా పోయి మళ్ళీ వచ్చి లాగి చూసేవాడు. ఖాకీ చొక్కా కనబడితే, అది ఆటో డ్రైవరుదే అయినా, ఆకురాయి ఆగిపోయేది.

అసలు దెబ్బ దీపావళికి తగిలింది. స్టీలు సామాన్ల టోకు వ్యాపారం చేసే అమరనాథ్ సేటు దుకాణంలో పాత ఇనుప తిజోరీ ఒకటుంది. వాళ్ళ తాతల కాలంది. ఏటా దీపావళి లక్ష్మీపూజకు రెండు రోజుల ముందు తాత పోయి దాని తాళం విప్పి, శుభ్రం చేసి, నూనె పెట్టి వస్తాడు. ముప్పై ఏళ్ళ నుంచి అదే. తాత చేయి పడగానే సేటు చాయ్ తాగడానికి బయటికి పోతాడు. తిజోరీ తలుపు కదలగానే తాత ముఖం పక్కకు తిప్పుకుంటాడు, లోపల ఏముందో చూడడు. అది ఈ పనిలో ఉన్నవాళ్ళ మర్యాద. ఆ ఏడు సేటు దగ్గర్నుంచి కబురు రాలేదు. కోఠీ నుంచి ఎవరినో పిలిపించారని సేటు దుకాణంలో పనిచేసే సాయికుమార్ చెప్పాడు.

తాత ఆ రోజు డబ్బా తెరవలేదు. అమ్మమ్మ అన్నం పెడితే కలుపుతూ కూర్చున్నాడు, తినలేదు.

"ఏమయ్యా, తిజోరీ నీదా? నూనె ఎవడు పెడితే నీకేంది?" అంది అమ్మమ్మ.

"తిజోరీ నాది గాదు లీలా. పిలుపు నాది."

కంపెనీకి మళ్ళీ ఒకసారి రాసినా లాభం లేకపోయింది. ఇన్సూరెన్స్ గొడవలు వినే అధికారి ఒకరుంటారని శ్రవణ్ అన్న చెప్పాడు. వకీలు అక్కర్లేదు, ఫీజు లేదు, కాగితం రాసి పంపితే పిలుస్తారు అన్నాడు. ఆ కాగితం కూడా నేనే రాశాను. తెలుగులో రాశాను, ఎందుకంటే ఇంగ్లీషులో ఇప్పటికే ఒకసారి మమ్మల్ని ముంచాను. నకళ్ళ సంగతి రాయాలా వద్దా అని ఇంట్లో రెండు రోజులు లొల్లి. చెప్పేద్దామని నేను. "ఒక్కసారి లేవన్న. ఇప్పుడు ఉన్నయంటే ఆ లైను నిజమే అనుకుంటరు" అని తాత. జైలని అమ్మమ్మ. చివరికి రాయలేదు.

డిసెంబరులో విచారణ. పొద్దున పదకొండింటికి. తాత తెల్ల చొక్కా వేసుకుని తొమ్మిదిన్నరకే ఆఫీసు బయట బెంచీ మీద కూర్చున్నాడు. మూడుసార్లు నీళ్ళు తాగాడు, నాలుగుసార్లు బయటికి పోయొచ్చాడు. మా ముందు వాళ్ళది ఏదో కారు గొడవ, లోపల్నుంచి అరుపులు వినపడుతున్నాయి. ప్రతి అరుపుకూ తాత నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అవి ఆకురాయి పట్టిన వేళ్ళు. సాయంత్రానికి నా మణికట్టు కందిపోయింది.

లోపల బల్ల వెనక ఒక మేడం. ఎదురుగా కంపెనీ తరఫున టై కట్టుకున్న అధికారి, లావాటి ఫైలు. ఆయన చదివాడు. చాబీలు వాడినవి కావు, కొత్తవి, యజమాని వృత్తి ఇది, అనుమానం ఇది. మేడం తాత వైపు తిరిగింది.

"ఇవి అసలు చాబీలేనా?"

"అసలువే మేడం. షోరూమ్ ఇచ్చినవే."

టై ఆయన చిన్నగా నవ్వాడు. "మేడం, ఆయన మాటే నిజం అనుకుందాం. మరి నాలుగేళ్ళు బండి దేనితో స్టార్ట్ చేశాడు? చాబీ లేకుండా నడిపాడా?"

మేడం ఆ మాటకు తలెత్తింది. "చెప్పండి. ఏ చాబీతో నడిపారు?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. తాత మెడ మీద చెమట కారి తెల్ల కాలరు తడిసింది. నాకు వంతెన మీద మేక కనిపించింది. ఇంకోసారి లేవంటాడేమో, ఏదో కథ చెబుతాడేమో అనుకున్నాను. ఏ కథ చెప్పినా ఆ ప్రశ్నకు సరిపోదని ఆయనకూ తెలిసినట్టుంది.

జేబులో చేయి పెట్టాడు. నకలు తీసి బల్ల మీద పెట్టాడు. అది నల్లబడి, పళ్ళు గుండ్రంగా అరిగి, మా అమ్మమ్మ దువ్వెనలా ఉంది.

"దీనితోని."

తర్వాత నా వైపు తిరిగాడు. "నీది గూడ తియ్యి."

నేను సంచిలోంచి తీశాను. నా దానికి ఎర్ర కుచ్చు కట్టుంది, సిగ్గేసింది.

"మొత్తం నాలుగు మేడం. రెండు కంపెనీవి, రెండు నేను కోసినవి. ఫారంల రెండే అని చెప్పిన. ఎంక్వయిరీ సార్ అడిగితె లేవన్న. భయమైంది."

టై ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. "చూశారా మేడం! దాచిపెట్టాడు. ఇప్పుడు ఒప్పుకున్నాడు!"

"కూర్చోండి" అంది మేడం. తాతను, "రెండు మంచి చాబీలు ఉండగా ఇంకో రెండు ఎందుకు చేసుకున్నారు?" అని అడిగింది.

అప్పుడు తాత చెప్పాడు. అసలు చాబీని ఎందుకు వాడకూడదో, అది అరిగితే ఏమవుతుందో, నకలుకు నకలు కోస్తే ఏమవుతుందో, తన ఉస్తాద్ ఏం చెప్పేవాడో. చాబీల గురించి మాట్లాడుతుంటే ఆయన గొంతు నెమ్మదిగా కుదుటపడింది. కంపెనీ చాబీ పన్ను అంచు చూడండి, మెషీన్ల పుట్టింది, నున్నగుంటది అన్నాడు. నేను కోసినదాని లోతుల్లో చూడండి, పన్ను అరిగినా ఆడ ఆకురాయి గీతలు అడ్డంగా ఉంటయి అన్నాడు. మేడం కళ్ళజోడు నుదుటి మీదికి తోసి నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. అసలు చాబీల తల మీద సన్నగా ఒక నంబరు చెక్కి ఉంది. నకళ్ళ మీద ఏమీ లేదు.

"షోరూమ్ వాళ్ళ డెలివరీ కాగితం మీ ఫైల్లో ఉందా?" అని టై ఆయన్ని అడిగింది.

ఉంది. ఆయన ఫైల్లోనే, వెనకాల ఉంది. అందులో చాబీ నంబరూ ఉంది. ఆయన చదివాడు, మేడం చాబీ మీద చూసింది. నంబరు కలిసింది. ఎనిమిది నెలలుగా ఆ కాగితమూ ఆ చాబీలూ వాళ్ళ దగ్గరే ఉన్నాయి, ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మేడం మాత్రం నవ్వలేదు. "ఈ అరిగిన చాబీని మొదటి రోజే చూపిస్తే మీ గొడవ ఇంతదూరం వచ్చేదా?" అంది తాతతో.

"రాకపోతుండె మేడం."

"నాలుగున్నప్పుడు రెండని రాయడం తప్పే. అది నేను లెక్కలోకి తీసుకోవాలి."

"తీసుకోండ్రి. పైసలు మీరు ఎంతన్న ఇయ్యిండ్రి, ఇయ్యకుండ్రి. ఆ లైను మాత్రం కొట్టెయ్యిండ్రి మేడం. నేను ఇండ్లల్లకు పోయి పని చేసుకునేటోన్ని."

మేడం ఉత్తరం తీసి ఆ లైను చదువుకుంది. "వాళ్ళ ఉత్తరాన్ని నేను దిద్దలేను. నా ఉత్తర్వులో ఏం రాయాలో అది రాస్తాను" అని ఫైలు మూసింది.

అప్పటి నుంచి ఉత్తర్వు వచ్చేదాకా ముప్పైనాలుగు రోజులు. ఆ ముప్పైనాలుగు రోజులూ తాత నన్ను అడిగింది ఒకటే. "ఏం రాయాల్నో అది అంటె ఏది?" చాబీ కోస్తూ అడిగేవాడు, అన్నం తింటూ అడిగేవాడు. "నువ్వు తప్పు చేసినవని అన్నది గద. అదే రాస్తదా? ఇంక పెద్ద ఆఫీసు, ఇంక పెద్ద ముద్ర. అప్పుడేంది?" మొదటి వారం ఆటపట్టించాను, రెండో వారం నుంచి మానేశాను. పోస్టతను సైకిల్ బెల్లు వినపడితే ఇద్దరం ఒకేసారి తలెత్తేవాళ్ళం.

జనవరిలో కవరు వచ్చింది. తాత నా చేతికిచ్చి, తాను పోయి మెషీన్ ఆపి వచ్చి కూర్చున్నాడు. నేను చదివాను. చాబీల సంఖ్య సరిగ్గా చెప్పనందుకు నాలుగో వంతు తగ్గించి, మిగతా మూడొంతులూ కంపెనీ చెల్లించాలి. దొంగతనంలో ఫిర్యాదుదారు ప్రమేయం ఉందనడానికి ఎలాంటి ఆధారమూ లేదు. ఆ అనుమానం నిలవదు.

మూడుసార్లు చదివించుకున్నాడు. తర్వాత కాగితం దగ్గరికి తీసుకుని, "ఇందుల లేదు అనే మాట ఏది?" అని అడిగాడు. చూపించాను. ఆ మాట మీద బొటనవేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. గ్రీజు ముద్ర పడింది. ఇప్పటికీ ఉంది.

ఆ కాగితం పట్టుకుని తాత ఎవరి దగ్గరికీ పోలేదు. అమ్మమ్మ పోయింది. దాని జిరాక్సు కొంగులో పెట్టుకుని, అవసరం లేని స్టీలు గిన్నె కొనడానికి అమరనాథ్ సేటు దుకాణానికి పోయి, బేరం మధ్యలో కాగితం కౌంటర్ మీద పరిచింది. సేటు మొత్తం చదివాడట. గిన్నె మీద తగ్గించమంటే మాత్రం తగ్గించలేదట.

నెల తిరక్కముందే సేటు కబురు పెట్టాడు, తిజోరీ బిగుసుకుందని. నేనూ వెంట పోయాను. తాత ముందు కూర్చుని చెవి ఆనించి విన్నాడు, నూనె పెట్టాడు, తిప్పాడు. తలుపు కదలగానే ఎప్పటిలాగే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. సేటు చాయ్‌కి పోలేదు. చేతులు కట్టుకుని తాత వెనకే నిలబడ్డాడు, పని అయ్యేదాకా. డబ్బులు ఇచ్చాడు, నమస్తే అన్నాడు. తాత కూడా నమస్తే అన్నాడు. బయటికొచ్చి సందు మలుపు దాకా నడిచాం. తర్వాత, "పిలిచిండు గద" అన్నాడు, నాతోనో తనతోనో.

ఇదంతా రాసి నిన్న డబ్బాలో కూర్చుని తాతకు చదివి వినిపించాను. నిజాం ఖజానా దగ్గర నవ్వాడు. మేక దగ్గర ఉమ్మేశాడు. చివర్లో నేను ఒక వాక్యం పెట్టాను. భయపెట్టే పెద్ద ఆఫీసులో, అందరి ముందు, తన మీదికే వస్తుందని తెలిసి కూడా నిజం చెప్పిన నిజాయితీపరుడు మా తాత అని. దాన్ని గొంతు పెంచి చదివి, ఎట్లుంది తాతా అన్నాను.

తాత ఆకురాయి ఆపలేదు. "నిజాయితీ ఏందే? దాచింది భయానికే, చెప్పింది భయానికే. గా లైను కొట్టేయి. లేకుంటె రేపు దానికి గూడ ఎంక్వయిరీకొస్తరు."